నెత్తి మీది వైరు

"అయిదు పోర్టులదా, ఎనిమిది పోర్టులదా?" అని అడిగాడు కొట్టాయన. ఆమె నోరు తెరిచేలోపే ఆయన ఫోను మోగింది. రెండు అట్టపెట్టెలను బల్ల మీద ఆమె ముందుకు తోసి, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, ఫోను చెవికి ఆనించుకుని వెనకగదిలోకి వెళ్లిపోయాడు. ఒక్క నిమిషమట. ఒక్క నిమిషం అన్నవాడు ఒక్క నిమిషంలో తిరిగొచ్చిన పాపాన పోయాడా ఎప్పుడైనా. ఆమె ఎత్తు స్టూలు మీద కూర్చుంది, కాళ్లు నేలకు అందలేదు, ఆ స్టూలు మీద కూడా కోపం వచ్చింది. కొట్టు నిండా వైర్లు, చుట్టలు చుట్టలుగా, నీలంవి, బూడిదరంగువి, మేకులకు వేలాడుతున్నాయి. పైన ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. ఫ్యాను టకటక, అని ఒళ్లోని వేళ్లు వాటంతటవే టైపు చేసేశాయి, ఆ అలవాటు పోదు, విన్నదల్లా వేళ్లకు దిగాల్సిందే. వచ్చీరాగానే ఈయన అన్న మొదటి మాట ఏమిటి, ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే ఫోను కలపండమ్మా, నేను మాట్లాడతాను అని. ఎందుకో, మగవాళ్లయితే రంధ్రాలు ఇంకో రెండు ఎక్కువ కనిపిస్తాయేమో. అరికాలి మంట నెత్తికెక్కింది, అయినా నవ్వి, నాకేనండీ కావాలి, నాకే చెప్పండి అంది. ఎందుకు నవ్వినట్టు? తన నెత్తిన తనే ఒకటి మొట్టుకోవాలనిపించింది.

స్విచ్ కొనడానికి వచ్చింది. లైటు వేసే స్విచ్ కాదు, వచ్చే నెట్ వైరు ఒక్కదాన్ని నాలుగైదు వైర్లుగా పంచే చిన్న పెట్టె. ఇంట్లో ఇప్పుడున్నది అయిదు పోర్టులది, హాల్లో టీవీ వెనక దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. అయిదంటే అయిదు కాదు, వచ్చే వైరుకే ఒకటి పోతుంది, మిగిలేవి నాలుగే. ఆ సంగతి ఇంట్లో ఎవరి బుర్రకూ ఎక్కదు, అయిదున్నాయిగా అంటారు. ఆ నాలుగింటిలో మొగుడి కంప్యూటరుకి ఒకటి, మరిది గదికి ఒకటి, టీవీకి ఒకటి, ఆమెకి ఒకటి. సరిగ్గా సరిపోయింది కదా అని సంతోషించేలోపు మరిది ఆటల పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు, పెళ్లాన్ని తెచ్చుకున్నట్టు మురిసిపోతూ. ఇక దానికి చోటు కావాలి. ఎవరి వైరు పీకుదాం అని ఎవరూ ఎవరినీ అడగలేదు, అసలు అదొక ప్రశ్నే కాదు, చెయ్యి దానంతటదే ఆమె వైరు దగ్గరికి వెళ్లింది. పొద్దున మొగుడు చాలా ఉదారంగా, ఎనిమిదిది తీసుకురా, ఇంక గొడవే ఉండదు అన్నాడు. గొడవట. జరిగినదాని పేరు గొడవ, దాన్ని చేసింది ఆమె. ఆయన ఆ మాట అన్నాడో లేదో మరిది లెక్క మొదలుపెట్టాడు, ఆటల పెట్టెకొకటి, గేటు దగ్గర కెమెరా పెడదామనుకున్నాంగా దానికొకటి, ప్రింటరుకొకటి, అన్నయ్య ఆఫీసు లాప్‌టాప్‌కి వేరేగా ఒకటి, టీవీ ఉండనే ఉంది, నా పాత కంప్యూటరు కూడా బయటికి తీస్తాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పెట్టె ఇంకా కొట్టు గడప దాటలేదు, అప్పుడే నిండిపోయింది. అక్కడే నిలబడి గిన్నెలు తుడుస్తున్న మనిషికి కూడా ఒక వైరు ఉందని ఆ అన్నదమ్ములిద్దరికీ తట్టలేదు. ఆమె గుర్తు చేయనూ లేదు. అడిగి పెట్టించుకున్నది ఎన్నాళ్లుంటుంది, అడగకుండానే పీకుతారు.

వెనకగదిలోంచి కొట్టాయన నవ్వు. పెద్ద నవ్వు, మొహమాటపు నవ్వు కాదు, అవతల దగ్గరివాళ్లెవరో ఉన్నట్టున్నారు. నవ్వుల్లో ఎన్ని రకాలున్నాయో ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు. అదే పని. ఇంట్లో వెనకగదిలో కూర్చుని, వినబడనివాళ్ల కోసం అవతల జరిగే మాటలన్నీ నెట్‌లో విన్నది విన్నట్టు టైపు చేయడం, మాట నోరు దాటిందంటే వాళ్ల ముందు తెర మీద అక్షరాలై పడాలి, తలుపు చప్పుడైతే తలుపు చప్పుడు అని, ఎవరైనా దగ్గితే దగ్గాడని, నవ్వితే ఎలాంటి నవ్వో కూడా. అంత అక్కర్లేదు, మాటలు చాలు అని ఆఫీసువాళ్లు అంటారు. అక్కర్లేదని వాళ్లెలా చెప్తారు, చెవులున్నవాళ్లు. ఎదురుగా నలుగురూ ఒక్కసారి తల తిప్పితే ఎందుకు తిప్పారో తెలియక బిక్కచచ్చి కూర్చోవడం ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుసు. పెళ్లైన కొత్తలో ఈ ఉద్యోగం గురించి చెబితే మొగుడు పడీపడీ నవ్వాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమన్నమాట, జీతమిచ్చి మరీ ఊదిస్తున్నారు, అన్నాడు. ఎవరింటికి వెళ్లినా అదే జోకు, మా ఆవిడది శంఖం కంపెనీ అండీ. విన్నవాళ్లు నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది, ఆ నవ్వును టైపు చేయాల్సి వస్తే ఏమని చేస్తుందో ఆమెకి తెలుసు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండిపోతోంది. అప్పుడే మండి ఉంటే ఎంత బాగుండేది, ఇన్నేళ్లు ఆలస్యంగా మండే ఒళ్లు ఎందుకు, తగలెయ్యనా.

ఇస్తే. మొన్న ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఈ రెండు మందులూ కలిపి ఇస్తే, అన్నాడు పెద్దాయన. మందుల చదువు చదివిన అమ్మాయి, ఆఖరి పరీక్ష, నోటి పరీక్ష. అడిగేవాళ్లు ఇద్దరు, పెద్దాయనొకరు, పక్కన ఒక మేడమ్. ఆ అమ్మాయి మాట్లాడగలదు, మాట కొంచెం గట్టిగా, ఎత్తుపల్లాలు లేకుండా వస్తుంది, అంతే. వినబడడమే లేదు. అప్పటిదాకా అడిగినవన్నీ టకటకా చెప్పేసింది, తెర మీద ప్రశ్న పూర్తయ్యేలోపే ఆ పిల్ల కళ్లలో జవాబు కనిపించేది, ఆమెకి ఇటువైపు ఒళ్లు పులకరించేది, తన కూతురే చెబుతున్నట్టు. ఈ రెండు మందులూ కలిపి ఇస్తే. ఆమె వేళ్లు ఇస్తే వరకూ వెళ్లాయి, అక్కడ తెర బిగుసుకుపోయింది. పెద్దాయన నోరు సగం తెరుచుకుని అలాగే నిలబడిపోయింది, పిల్ల కళ్లు అలాగే, ఇస్తే అన్న మాట తర్వాత గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ. హెడ్‌సెట్ విసిరేసి హాల్లోకి పరిగెత్తింది. టీవీ వెనక మొగుడు గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతిలో ఆమె వైరు, పట్టుకున్న ఎలక తోకలాగా. రెండు నిమిషాలు, అన్నాడు తలెత్తకుండా, అమ్మ సీరియల్ చూస్తానంటే టీవీ సరిచేస్తున్నా, రెండు నిమిషాలు వైఫై మీద లాగించలేవా. వెనకగదికి వైఫై ఎన్నడైనా సరిగా వచ్చిందా, ఆ గోడ మందం ఆయనకి తెలీదా, మేకు కొట్టబోయి మూడుసార్లు వేలు చితక్కొట్టుకుంది ఆయనేగా. టీవీ మీద మరిది ఆటల పెట్టె, దాని దీపం నీలంగా వెలుగుతూ. సీరియలట. ఆమె వైరు లాక్కుని మళ్లీ గుచ్చి గదిలోకి వచ్చేసరికి తెర మీద ఆ పిల్ల లేదు, ఇంకెవరో కుర్చీలో కూర్చుంటున్నారు, పెద్దాయన కాగితం తిప్పుతున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఆ రోజు వంటింట్లో అత్తగారు పక్కకి వచ్చి, తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా అనుకుని చాలా గట్టిగానే చెప్పింది, "నేనేం సీరియల్ అడగలేదమ్మా. నాకు వినబడి చస్తే కదా." ఆ పెద్దావిడకి చెవులు మందగించి చాలా కాలమైంది, ఇంట్లో ఎవరూ ఆ సంగతి పట్టించుకోరు, రెండోసారి అడిగితే ఏం లేదులే అమ్మా అంటారు. ఆ ఏం లేదులేలో ఎన్ని సంగతులు పోయాయో. అలాంటి ముసలావిడ మీదికి అబద్ధం నెట్టాడు, తల్లని కూడా చూడకుండా, అందులోనూ వినబడదన్న ధైర్యంతో. వైరు పీకినందుకంటే అందుకే ఎక్కువ మండింది ఆమెకి. నిలదీస్తే తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకుని, సరేలే, ఇప్పుడేం కొంప మునిగింది, మళ్లీ పెడతారుగా పరీక్ష, అన్నాడు.

మళ్లీ పెడుతున్నారు, ఇవాళే, నాలుగింటికి. ఆ పిల్ల పోట్లాడి పెట్టించుకుంది. ఆఫీసువాళ్లు ఇంకెవరినైనా పెడతామన్నారట, మీ లైను తెగింది కాబట్టి అని. ఇంకోసారి తెగితే మీతో పని ఉండదు అని కూడా అన్నారు, చాలా మర్యాదగా. ఆ పిల్లే ఒప్పుకోలేదు. ఆమెకి తిన్నగా మెసేజ్ పెట్టింది. "మీరే కావాలన్నాను. మీరు దగ్గు కూడా రాస్తారు." దాని కింద ఇంకోటి. "అక్షరాలు ఆగిపోయాక వాళ్లిద్దరూ ఏదో అనుకున్నారు. పెద్దాయన నవ్వారు. ఎందుకు నవ్వారో తెలీలేదు. మీరుంటే తెలిసేది." ఆ మెసేజ్ చదివి ఆమె స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. బాధతో కాదు, కోపంతోనే, ఆ రెండూ ఒకేలా బయటికి వస్తే ఆమె ఏం చేస్తుంది. ఆ పిల్ల ఆ కుర్చీలో అలా కూర్చుని ఉంటుంది, ఒక నవ్వు తన ముందు నుంచి వెళ్లిపోతుంటే, అది తన మీదనో కాదో కూడా తెలియక. ఇక్కడ ఒకాయన గొంతుక్కూర్చుని రెండు నిమిషాలు అంటున్నాడు.

"ఆఁ, ఏం చూశారమ్మా?" కొట్టాయన వచ్చాడు. ఎనిమిది పోర్టులదాన్ని ముందుకు జరిపి, ఇదే తీసుకోండి, ఇల్లన్నాక పెరుగుతుంది గానీ తగ్గదు, పైది రేకు కాబట్టి వేడెక్కదు, ప్లాస్టిక్ దానికంటే ఎక్కువ కాలం వస్తుంది, వేగం రెండింటిదీ ఒకటే, పెట్టుకోవడానికి చదువేం అక్కర్లేదు, గుచ్చితే చాలు అని ఏకధాటిగా చెప్పాడు. గుచ్చితే చాలు, పీకితే చాలు. ఆమె పెట్టెల వైపు చూస్తూ కూర్చుంది. ఎనిమిదైనా, పదహారైనా, గోడంత పెట్టె తెచ్చి పెట్టినా, నిండిన రోజు వాళ్ల చెయ్యి ముందు దేని మీదికి వెళ్తుంది? ఇన్ని రంధ్రాలు కొనుక్కెళ్లి వాళ్లకి పంచిపెట్టి, చివర నిలబడి నాకొకటి మిగిలిందా అని అడగడానికా ఇంత ఎండలో వచ్చింది. ఇంటికి వచ్చేది ఒకటే వైరు. మెట్ల కింద ఇంటిగలాయన తాళం వేసిన పెట్టెలో రౌటరు ఉంది, అక్కడి నుంచి బయల్దేరి, ఆమె కూర్చునే వెనకగది వెంటిలేటరులోంచి లోపలికి వచ్చి, గోడ వెంట, ఆమె బల్ల మీదుగా, ఆమె నెత్తి మీదుగా పోయి హాల్లో టీవీ వెనక దిగుతుంది. దాని క్లిప్పుకే కదా రోజూ హెడ్‌సెట్ తగిలిస్తుంది. హాల్లో ఆ పెట్టెలో దూరి, అందరినీ పలకరించి, మళ్లీ ఇంకో వైరుగా వెనక్కి వచ్చి ఆమె బల్లకు చేరుతుంది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. ఇన్నాళ్లూ దాని కిందే కూర్చుంది. నెత్తి మీదుగా వెళ్తున్నదాన్ని చెయ్యి చాపి అందుకోవాలని తోచలేదు, హాల్లోంచి ఎవరు ఎంత విదిలిస్తే అంతే తనదనుకుంది. తెలివి తెల్లారినట్టే ఉంది.

"వచ్చే వైరును మధ్యలో కోసి, అక్కడ ఒక పెట్టె పెట్టి, దాన్నుంచి హాలు పెట్టెకి పంపించొచ్చా?" అని అడిగింది.

"ఎందుకు పంపకూడదు? ముందు పెట్టెలోంచే వెనక పెట్టెకి వెళ్తుంది. వెనకవాళ్లు ఏది పీక్కున్నా ముందుదానికి ఏమీ కాదు. ముందుదాంట్లో పీకితే మాత్రం వెనకవాళ్లందరికీ పోతుంది."

ఆయన మామూలుగానే చెప్పాడు, కొట్లో రోజూ చెప్పే మాటే అయ్యుంటుంది. ఆమె ఎనిమిదిదాన్ని వెనక్కి తోసేసి, అయిదుదే ఇవ్వండి అంది. రేకుదేనా అంటే రేకుదే, తంతే పగలకూడదు అంది. అప్పుడే మొగుడి ఫోను, తీసుకున్నావా, ఎనిమిదిదేగా, నాలుగింటికి మ్యాచ్ ఉంది, తొందరగా రా. నాలుగింటికి పరీక్ష ఉందని ఆయనకి నిన్న చెప్పింది, పొద్దున చెప్పింది. వస్తున్నా అని పెట్టేసింది. కోసిన చివర్లకి కొత్త కనెక్టర్లు బిగించాలి, మనిషిని పంపాలంటే రేపే అన్నాడు కొట్టాయన. రేపెందుకు, నాకు చూపించండి అంది. ఆయన అనుమానంగా చూసి, తుక్కు వైరు ముక్క ఒకటి తీసుకుని, పైతోలు ఒలిచి, లోపలి సన్నటి తీగలు పరిచాడు, తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ, ఈ వరస తప్పితే పలకదు, రెండు చివర్లా ఇదే వరస. ఇంట్లో వైర్లు పోయే దారి ఆమె చెబితే విని, హాల్లోంచి వెనక్కొచ్చే పాత వైరును మాత్రం కొత్త పెట్టెలో గుచ్చకండి, పోయిందే మళ్లీ తిరిగొచ్చి మొత్తం ఆగిపోతుంది అని హెచ్చరించాడు. ఆమె వేళ్లు అప్పటికే ఒళ్లో ఆ రంగుల వరసను టైపు చేసేశాయి, ఒకసారి విన్నది వాటికి చాలు. అక్కడే ఒకటి బిగించింది, వంకరగా వచ్చింది, రెండోది పలికింది. కటింగ్ ప్లయరు, కనెక్టర్లు నొక్కే ప్లయరు, ఒక పొట్టి వైరు సంచిలో వేసుకుంది. దారి పొడుగునా ఆ సంచి తొడకి కొట్టుకుంటూ ఉంటే హాయిగా ఉంది, కోపం చల్లారి కాదు, దానికి చేతిలో ఒక పనిముట్టు దొరికి.

హాల్లో అన్నదమ్ములిద్దరూ కాళ్లు చాపుకుని టీవీ ముందు ఉన్నారు, మ్యాచ్ మొదలవుతోంది. ఏదీ పెట్టె అని చెయ్యి చాపాడు మొగుడు, మొహం ఇటు తిప్పకుండానే. ఆమె వెనకగదిలోకి వెళ్లి, కుర్చీ ఎక్కి, క్లిప్పు నుంచి హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, నెత్తి మీది వైరును రెండు వేళ్లతో పట్టుకుంది. కొంచెం వెచ్చగా ఉన్నట్టనిపించింది, ఎండ అయ్యుంటుంది. కోసేసింది. హాల్లో జనం కేకలు మధ్యలో ఆగిపోయాయి. ఏయ్, ఏమైంది, నెట్ పోయిందా, అన్న మరిది గొంతు. కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. అన్నీ టైపు చేయదగ్గవే. అత్తగారు ఎప్పుడు వచ్చిందో స్టూలు లాక్కుని గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. అమ్మా లే, ఏం చేస్తోందో చూడనీ అన్నాడు మొగుడు. ఆవిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వినబడలేదురా, అంది. రెండోసారి అరిచాడు. వినబడలేదురా, అంది మళ్లీ, మొహంలో ఏ కదలికా లేకుండా. ఆయన ఆవిడ తల మీదుగా లోపలికి చూశాడు, గోడకి వేలాడుతున్న రెండు వైరు చివర్లను చూశాడు, పెళ్లాం చేతిలో ప్లయరును చూశాడు.

"రెండు నిమిషాలు," అంది ఆమె తలెత్తకుండా.

తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ. ఒక కనెక్టరు పాడైంది, ఇంకోటి తీసింది. మెట్ల కింది నుంచి వచ్చే చివరను కొత్త పెట్టెలో గుచ్చింది, పొట్టి వైరుతో తన కంప్యూటరు కలిపింది, ఆకుపచ్చ దీపాలు రెండు వెలిగాయి. హాలుకి వెళ్లే చివరకి కూడా కనెక్టరు బిగించింది, చక్కగా, వరస తప్పకుండా. గుచ్చలేదు. హాల్లోంచి వెనక్కి వచ్చే తన పాత వైరును చుట్ట చుట్టి బల్ల కింద పడేసింది. నాలుగయ్యేసరికి తెర మీద ఆ పిల్ల వచ్చి కూర్చుంది, మెడ చుట్టూ చున్నీ బిగించి కట్టుకుని, యుద్ధానికి వచ్చినట్టు. కాగితాల చప్పుడు, అని టైపు చేసింది ఆమె. ఆ పిల్ల అది చదివి పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి. పెద్దాయన అడిగాడు, ఈ రెండు మందులూ కలిపి ఇస్తే ఏమవుతుందమ్మా. ఇస్తే దాటింది. అవుతుందమ్మా వరకూ వెళ్లింది, ప్రశ్నార్థకం కూడా పడింది. ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని చెప్పింది, రక్తం పలచబడుతుంది సార్, దెబ్బ తగిలితే ఆగదు, కలిపి ఇవ్వకూడదు, ఇవ్వక తప్పకపోతే మోతాదు తగ్గించాలి అని. మేడమ్ గొంతు సవరించుకున్నారు. పెద్దాయన, బాగు బాగు. ఇంకో ప్రశ్న, ఇంకో ప్రశ్న, ఒక్క అక్షరం ఆగలేదు. గుమ్మంలో పెద్దావిడ వెనక్కి తిరిగి, కళ్లజోడు సర్దుకుని, తెర మీద పడుతున్న మాటలన్నీ నోట్లో నోట్లో చదువుకుంటోంది. అంతా అయ్యాక, ఇక వెళ్లొచ్చమ్మా అని పెద్దాయన అన్నాక కూడా ఆ పిల్ల లేవలేదు.

"సార్, మొన్న నేను కూర్చున్నప్పుడు మీరు నవ్వారు. ఎందుకు నవ్వారు?"

ఫ్యాను చప్పుడు. కుర్చీ కిర్రుమంది. పెద్దాయన దగ్గాడు. ఆమె అన్నీ వేసింది, ఏదీ వదలలేదు. తర్వాత ఆయన అన్నదీ వేసింది, అన్నది అన్నట్టుగా.

నవ్వానా? గుర్తులేదమ్మా.

ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివినట్టుంది. సరే సార్, అని లేచింది. తెర ఖాళీ అయింది. ఆమె హెడ్‌సెట్ తీసి వైరు క్లిప్పుకి తగిలించబోయి, అక్కడ వైరు లేదని గుర్తొచ్చి, ఒళ్లో పెట్టుకుంది. పెద్దావిడ స్టూలు జరుపుకుంటే మొగుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, కొత్త పెట్టెలో ఖాళీగా ఉన్న పోర్టుల వైపు, గోడకి వేలాడుతున్న హాలు వైరు వైపు చూశాడు.

"మ్యాచ్ సగం అయిపోయింది," అన్నాడు. "రెండు నిమిషాలన్నావు."

ఆమె కళ్లెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"అన్నానా? గుర్తులేదు."